బొబ్బర్లా, తోటకూరా?

అందరికీ నమస్కారం. ఎక్కడికెళ్లినా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "పాలకూరలో పప్పులకన్నా ప్రోటీన్ ఎక్కువట కదా మేడమ్, వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?" అని. లెక్క తప్పు కాదండీ, కాకపోతే అది కేలరీల మీద కట్టిన లెక్క. 100 కేలరీలకి చూస్తే పాలకూరలో 13 గ్రాముల ప్రోటీన్, ఉడికించిన బొబ్బర్లలో 7 గ్రాములకి కాస్త తక్కువ. కానీ ఉడికిన పాలకూరతో 100 కేలరీలు రావాలంటే 400 గ్రాములు దాటి తినాలి. పూటకి అంత కూర ఎవరు తింటారు?

మన వంటింట్లోనే చూడండి. నాలుగు కట్టల తోటకూర తరిగి వేస్తే గిన్నె నిండిపోయి మూత కూడా పడదు, ఐదు నిమిషాలాగి మూత తీస్తే అంతా అడుక్కి దిగి కాస్తే కనిపిస్తుంది. బొబ్బర్లు అలా కాదు, రాత్రి గ్లాసుడు నానబోస్తే పొద్దున్నకి రెట్టింపవుతాయి. అందుకే ఎండు గింజల్లో 100 గ్రాములకి 24 గ్రాములున్న ప్రోటీన్, ఉడికాక 8 గ్రాములకి దిగుతుంది. ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు, నీళ్లు కలిశాయంతే. ఆ 8 గ్రాములూ చిన్న గిన్నెడు గింజల్లో వచ్చేస్తాయి, పైగా 6 గ్రాముల పీచు. కాబట్టి ఎదిగే పిల్లల కంచంలో ఆకుకూర వేశాం కదా అని పప్పు తగ్గించకండి, దయచేసి.

అలాగని ఆకుకూర తక్కువదేం కాదు. ఉడికిన తోటకూర 100 గ్రాముల్లో 200 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బొబ్బర్లలో పాతిక కూడా ఉండదు. విటమిన్ ఎ సంగతికొస్తే గింజల్లో దాదాపు లేనట్టే. ఆ విటమిన్ ఒంటికి పట్టాలంటే నూనె కావాలి, మనం వేసే పోపు ఆ పని చేస్తుంది. పాలకూరలో కాల్షియం మాత్రం, దాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్లనే పదార్థాల వల్ల మనకి దక్కేది చాలా తక్కువ; తోటకూరలోనూ అవి ఉంటాయి కాబట్టి అందులోదీ అంతా దక్కదు.

నాకు అన్నిటికన్నా బెంగ ఐరన్ గురించి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే ఈ హాల్లో కూర్చున్న మనలో సగానికి పైనే ఉండొచ్చు. ఐరన్ రెండింట్లోనూ ఇంచుమించు సమానం, 100 గ్రాములకి బొబ్బర్లలో 2.5 మిల్లీగ్రాములు, తోటకూరలో 2.3. కానీ మొక్కల నుంచి వచ్చే ఐరన్ ఒంటికి పట్టేది కొంచెమే, అది పెరగాలంటే పక్కన విటమిన్ సి ఉండాలి. గింజల్లో అది లేదు, ఆకులో ఉంది, ఎక్కువసేపు మరిగిస్తే అదీ పోతుంది.

అందుకని గింజలు ముందు కుక్కర్లో మెత్తగా ఉడికించుకుని, తోటకూర ఆఖర్లో వేసి, నాలుగైదు నిమిషాలు మగ్గనిచ్చి పొయ్యి ఆపేయండి. ఆకు ఉడికిన నీళ్లు పారబోయకండి. నిమ్మకాయ దించాకే పిండండి. తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంటసేపు ఆగండి, టీ ఐరన్‌ని పట్టనివ్వదు. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలుంటే మాత్రం, కూర తింటున్నాం కదా అని అవి మానేయొద్దు.