నాణేల ఆల్బమ్ కొనేముందు ఒకసారి వాసన చూడండి

నమస్తే అండీ. ఈ నాణెం చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. నిజాం రూపాయి ఇది, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటిది. చార్మినార్ బొమ్మ ఉంది కదా, దాని మధ్య కమానులో చిన్న అరబీ అక్షరం ఉండాలి, 'ఐన్' అని. ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం. అంతకుముందు మహబూబ్ అలీ ఖాన్ హయాంలో వేసిన వాటిలో అదే చోట 'మీమ్' ఉంటుంది. మరి ఇందులో అక్షరం కనిపిస్తోందా? లేదు. కమాను నిండా ఆకుపచ్చగా, జిగురుగా ఏదో పేరుకుపోయింది. మీనార్ల అంచుల వెంబడి కూడా అదే.

ఇది ఎక్కడో మట్టిలోంచి తీసింది కాదు. మిత్రుడొకరు ఆల్బమ్‌లో పెట్టి, ఆ ఆల్బమ్‌ని బీరువాలో పెట్టి, ఎంతో భద్రంగా దాచిన నాణెం. పాడుచేసింది ఆ ఆల్బమే. అందులోని మెత్తటి ప్లాస్టిక్ పేజీలు పీవీసీవి.

పీవీసీ మామూలుగా గట్టిగా ఉంటుంది, మన ఇళ్లలో నీళ్ల పైపులు దానివే. పేజీలాగా మెత్తగా వంగాలంటే ప్లాస్టిసైజర్ అని నూనెలాంటి రసాయనం కలపాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె బయటికి ఊరుతుంది. మన ఎండాకాలంలో ఇంకా తొందరగా. పైగా పీవీసీ నుంచి కొద్దికొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా విడుదలవుతుంది. వెండి రూపాయి పచ్చబడడం ఏమిటి అంటారేమో. చాలా వరకు నిజాం రూపాయిల్లో వెయ్యికి 818 పాళ్లే వెండి, మిగతా దాంట్లో ముఖ్యంగా ఉండేది రాగి. ఆ రాగిని ఆమ్లం పట్టుకుంటే వచ్చే రంగే ఇది. బ్రిటిష్ ఇండియా రూపాయిల్లో 1940 నుంచి వెండి సగానికి తగ్గించారు, కాబట్టి ఆ రూపాయిలున్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

మరి కొనేటప్పుడు ఎలా తెలుస్తుంది? నాణేల ఎగ్జిబిషన్‌లో స్టాల్ దగ్గర ఆల్బమ్ చేతిలోకి తీసుకోగానే తెరిచి వాసన చూడండి. కొత్త రెక్సిన్ బ్యాగు వాసన వచ్చిందా, కింద పెట్టేయండి. పేజీని వేళ్లతో వంచి చూడండి. మెత్తగా, కొంచెం అంటుకున్నట్టు వంగితే అనుమానించాలి. గట్టిగా, గలగలమని చప్పుడు చేస్తే అది ఎక్కువగా మైలార్ అయి ఉంటుంది, అంటే పాలిస్టర్ షీటు. నాణేనికి దానివల్ల ఏ హానీ లేదు. పాలీప్రొపిలీన్, పాలిథిలిన్ కూడా మంచివే. డబ్బాలకైతే అడుగున మూడు బాణాల త్రికోణం మధ్య అంకె చూడండి: 3 అంటే పీవీసీ, 5 అంటే పాలీప్రొపిలీన్, 2, 4 పాలిథిలిన్. కవర్ మీద "నాణేలకు సురక్షితం" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే మాత్రం నమ్మకండి. అలా అచ్చు వేయించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంట్లో ఇప్పటికే పాత ఆల్బమ్ ఉందనుకోండి. రాగి తీగ ముక్కని పట్టకారుతో పట్టుకుని గ్యాస్ స్టవ్ మంటలో ఎర్రగా కాల్చండి. మొదట్లో మంట కాస్త పచ్చగా కనిపించినా, అది పూర్తిగా పోయేదాకా కాల్చాలి. వేడి తీగని పేజీ మూల నుంచి కత్తిరించిన చిన్న ముక్కకి తాకించి మళ్లీ మంటలో పెట్టండి. మంట ముదురు ఆకుపచ్చగా వెలిగితే అందులో క్లోరిన్ ఉందన్నమాట, పీవీసీ అనే అనుకోవాలి. కిటికీలు తెరిచి చేయండి, ఆ పొగ పీల్చకూడదు. పిల్లలకి సైన్స్ ప్రయోగం అని చూపించకండి దయచేసి.

జిగురు అప్పటికే పట్టేసిన నాణేలకి అసిటోన్ అనే ద్రావకం పనికొస్తుంది. శుద్ధమైనది కావాలి. గోళ్ల రంగు తుడిచే సీసాలో ఉండేది వద్దు, అందులో సెంటు, నూనె కలుస్తాయి. గాజు గిన్నెలో పోసి నాణెం ముంచండి, కొంతసేపయ్యాక కొత్త అసిటోన్‌లో ఇంకోసారి. రుద్దకూడదు. తీసి ఊరికే పెడితే అదే ఆరిపోతుంది. దగ్గర్లో స్టవ్, అగరొత్తి, దీపం ఏదీ ఉండకూడదు, క్షణంలో అంటుకుంటుంది. జిగురు పోతుంది గానీ, ఆమ్లం అప్పటికే లోహాన్ని కొరికేసి ఉంటే ఆ గుంటలు పోవు. ఈ రూపాయికి ఆ 'ఐన్' ఎంత మిగిలిందో కడిగితే గానీ తెలియదు.

ప్లాస్టిక్ సంగతి అయిపోలేదు గానీ, ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మ్యూజియాల వాళ్లు ఇలాంటి పదార్థాలని ఎలా పరీక్షిస్తారో తెలుసా? బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఆండ్రూ ఆడీ 1973లో ఒక పద్ధతి ప్రతిపాదించారు, దాన్ని ఆడీ టెస్ట్ అనే అంటారు. పరీక్షించాల్సిన గుడ్డనో, చెక్కనో, ప్లాస్టిక్‌నో చిన్న సీసాలో వేసి, కాస్త నీరు పెట్టి, పక్కనే వెండి, సీసం, రాగి ముక్కలు వేలాడదీసి మూత బిగిస్తారు. 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచి, ఆ ముక్కల మీద ఏం పుట్టిందో చూస్తారు. వెండి గంధకాన్ని పట్టిస్తుంది, సీసం ఆమ్లపు ఆవిర్లని పట్టిస్తుంది, రాగి క్లోరిన్ లాంటివాటిని.

ఆ మూడు లోహాలూ మన గడ్డ మీద నాణేలుగా నడిచినవే. వెండి చూశాం. సీసం అంటే శాతవాహనులు. ఏనుగు, ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు నాలుగు కొనలకీ నాలుగు వలయాలు), కోస్తాలో దొరికే ఓడ బొమ్మ, వీటిలో చాలా వరకు సీసపు నాణేలే. సీసానికి పడనిది చెక్క పెట్టె. "చందనపు పెట్టెలో పెట్టానండీ" అని గొప్పగా చెప్పేవాళ్లని చూస్తుంటాను. చెక్కలోంచి, ముఖ్యంగా ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసే పలక) లాంటివాటిలోంచి అసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిర్లు వస్తూనే ఉంటాయి. మూసిన సొరుగులో ఆ ఆవిరి ఎటూ పోదు. సీసం మీద తెల్లటి పొడి మొదలవుతుంది. ఒకప్పుడు రంగుల కోసం సఫేదా అనే తెల్ల పొడి తయారుచేసింది కూడా ఇలాగే, సీసాన్ని వెనిగర్ ఆవిరిలో ఉంచి. రెండు వేల ఏళ్లు నేలలో నిలిచిన నాణెం మన సొరుగులో సఫేదా అయిపోతుంది. ఆ పొడి విషం, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. సీసపు నాణేలకి పాలీప్రొపిలీన్ డబ్బా, దాన్ని పెట్టడానికి రంగు వేసిన స్టీలు బీరువా చాలు. అన్నట్టు, పొలంలోనో పునాదిలోనో నాణేలు బయటపడితే దాచుకోవడం గురించి ఆలోచించకండి, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కి తెలియజేయాలి.

రాగికి శత్రువు తేమ, ఉప్పుగాలి, మన వేళ్ల చెమట. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉన్నవాళ్లు డబ్బాలో తేమని పీల్చే సిలికా జెల్ పొట్లం తప్పకుండా వేయాలి. రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు ఆరబెట్టాలో అదే చెబుతుంది. మామూలు చిలుము గట్టిగా, నునుపుగా అంటుకుని ఉంటుంది, దాన్ని కదిలించకండి. లేత ఆకుపచ్చ పొడిలా రాలుతుంటే మాత్రం ఆ నాణేన్ని వెంటనే పొడిగా ఉన్న వేరే డబ్బాలోకి మార్చండి. చింతపండు జోలికి మాత్రం వెళ్లకండి. అది ఇత్తడి బిందెలకి.

వెండికి ఇంకో రెండు మాటలు. రబ్బరు బ్యాండు వద్దు, అందులో గంధకం ఉంటుంది, బ్యాండు ఉన్నచోట నల్లటి గీత పడుతుంది. న్యూస్‌పేపర్‌లో చుట్టకండి. బీరువాలో చీరల మధ్య పెట్టేవాళ్లు కలరా ఉండలు ఆ అరలో లేకుండా చూసుకోండి. మైలార్ కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు వాడితే స్టేప్లర్ పిన్నుల కొనలని పట్టకారుతో నొక్కి చదును చేయండి, లేకపోతే పక్క హోల్డర్‌లోని నాణెం గీసుకుపోతుంది. నాణెం బయటికి తీయాలంటే ముందు పిన్నులన్నీ ఊడదీయాలి, అట్టని చింపి లాగకూడదు.

ఇక అల్యూమినియం మూడు పైసలు, అయిదు పైసలు, ఇరవై పైసలు. వాటికి ఒక్కోదానికి యాక్రిలిక్ క్యాప్సూల్ కొనేవాళ్లున్నారు. నన్నడిగితే అనవసరం. పాలీప్రొపిలీన్ పేజీలో వరుసగా పేర్చుకోండి, క్యాప్సూల్ డబ్బులతో ఆ నిజాం రూపాయికి మంచి హోల్డర్ కొనండి.