ఎరుపు ముందు, గీత చివర: చేర్యాల పటం నుంచి ట్యాబ్లెట్ దాకా

హోస్ట్: నమస్తే అందరికీ. ఇవాళ మనతో మాట్లాడబోయే అక్క ఇలస్ట్రేటర్. పిల్లల పుస్తకాలకూ, ఈమధ్య ఫోన్‌లో చదివే బొమ్మల కథలకూ పనిచేస్తున్నారు. వేసేదంతా ట్యాబ్లెట్ మీదే, కానీ బొమ్మ చూడగానే చేర్యాల గుర్తొస్తుంది, అదే తెలంగాణలోని చేర్యాలలో గుడ్డ మీద వేసే కథల బొమ్మలు. అక్కా, ముందు ఒక మొండి ప్రశ్న. ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్, పెద్ద పెద్ద కళ్లు, నిండా నగలు. ఇవి పెట్టేస్తే చేర్యాల అయిపోయినట్టేనా?

అతిథి: (నవ్వు) అంతే అయితే నేనెందుకు తమ్ముడూ, ఫిల్టర్ ఒకటి చాలు కదా. చాలామంది చేస్తున్నది అదే మరి. కుర్తీ మీద, కాఫీ కప్పు మీద రెండు మొహాలు అతికించి చేర్యాల అంటున్నారు. అమ్ముకోనీ, నాకేం కోపం లేదు. కానీ నన్ను పట్టుకున్నది ఆ మొహాలు కాదు, పటం పనిచేసే పద్ధతి. ఇప్పుడు షాపుల్లో ఫ్రేమ్ కట్టి అమ్మే చిన్న బొమ్మ చూసి అదే చేర్యాల అనుకుంటాం. అసలు పటం మూడడుగుల వెడల్పుతో నలభై యాభై అడుగుల గుడ్డ. నిలువుగా చుట్టి ఉంటుంది. పైన వినాయకుడితో మొదలై, ఒకదాని కింద ఒకటి గళ్లు గళ్లుగా కథ దిగుతూ పోతుంది. కథ చెప్పేవాళ్లు కాస్త కాస్త విప్పుతూ, బొమ్మ చూపిస్తూ, పాడుతూ పోతారు.

హోస్ట్: అంటే మనం ఫోన్‌లో బొటనవేలితో పైకి నెట్టుకుంటూ చదువుతామే, అలా.

అతిథి: అదే. కొరియావాళ్లు 2000 తర్వాత వెబ్‌టూన్ అని మొదలుపెట్టారు. పేజీ తిప్పే పని లేదు, కిందికి జరుపుతూ పోవడమే. ఇప్పుడు అందరూ వాడే కొలత 800 పిక్సెళ్ల వెడల్పు, పొడవు నీ ఇష్టం. ఆ టెంప్లేట్ మొదటిసారి తెరిచినప్పుడు, ఇది పటం కదా అనుకున్నాను. అయితే పోలిక అక్కడితో అయిపోదు. వెబ్‌టూన్‌లో గడికీ గడికీ మధ్య ఖాళీ వదులుతారు. ఎక్కువ ఖాళీ అంటే ఎక్కువ సమయం గడిచిందని. పటంలో ఆ ఖాళీ లేదు. గడుల మధ్య పూలపట్టీ ఉంటుంది. నేను ఆ పట్టీనే తీసుకున్నాను. అదే చోట తర్వాతి క్షణమైతే సన్న పట్టీ, ఊరు మారితే పూలతో వెడల్పాటి పట్టీ. ఇది పటంలో ఉన్న నియమం కాదు, నేను పెట్టుకున్నది. కానీ పుట్టింది అక్కడే.

హోస్ట్: ఈ కథలు చెప్పేవాళ్లు అన్నారు. ఎవరు వాళ్లు? బొమ్మ వేసేవాళ్లేనా?

అతిథి: కాదు కాదు, అసలు సంగతంతా ఇక్కడే ఉంది. వేసేవాళ్లు నకాషీలు. చెప్పేవాళ్లు వేరు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం. గౌడజెట్టివాళ్లు గౌడులకు, కాకిపడగలవాళ్లు ముదిరాజులకు. ఏ కులం కథ ఆ కులానికి, దాన్ని చెప్పే హక్కున్న కుటుంబాలు వేరే. పటం వేయించుకునేది వాళ్లు, మోసుకుని ఊళ్లు తిరిగేది వాళ్లు. కథ ఎక్కడ సాగాలి, ఎక్కడ ఆగాలి అన్నది వాళ్ల గొంతుకు తెలుసు. నకాషీ దానికి తగ్గట్టు గళ్లు పెడతాడు. నేను స్క్రిప్ట్ తీసుకుని బొమ్మలు వేయడం లాంటిదే. అందుకే "కళాకారుడి ఆత్మ, ఏకాంతం" అని ఎవరైనా మొదలుపెడితే నాకు నవ్వొస్తుంది. ఇది ఆర్డర్ మీద చేసిన పని, తరాల తరబడి. ఆ ఆర్డర్లు తగ్గిపోయాకే చిన్న ఫ్రేములు, మాస్కులు వచ్చాయి.

హోస్ట్: కొబ్బరి చిప్పల మాస్కులు.

అతిథి: ఆ, కొబ్బరి చిప్ప మీద చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి ముక్కు, పెదాలు తీరుస్తారు. బాగుంటాయి, కానీ వాటి జోలికిప్పుడు వద్దు, టైమ్ సరిపోదు.

హోస్ట్: సరే, పనిలోకి వద్దాం. ట్యాబ్లెట్ ఆన్ చేశారు. తర్వాత?

అతిథి: మొదట వాళ్లేం చేస్తారో చెప్తా. ఖద్దరు గుడ్డ. దానికి గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు, బంక నీళ్లు కలిపి పూతలు పూస్తారు. ఒక పూత ఆరాక ఇంకో పూత. గుడ్డ గట్టిపడి, నునుపుగా తయారవుతుంది. దాని మీద పెన్సిల్ లేకుండా సూటిగా కుంచెతోనే ఆకారాలు గీస్తారు. తర్వాత, ఇది జాగ్రత్తగా విను, మనుషుల చుట్టూ ఉన్న జాగాలో ముందు ఎరుపు నింపుతారు. ఆ తర్వాతే ఒంటి రంగులు, బట్టలు, నగలు. అన్నిటికన్నా చివర నల్ల గీత.

హోస్ట్: డిజిటల్‌లో మనం దీనికి ఉల్టా కదా?

అతిథి: పూర్తిగా ఉల్టా. లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితం లాంటిది. ఎవరు నేర్పినా ముందు పై లేయర్‌లో లైన్ ఆర్ట్, కింద లేయర్‌లో రంగులు, బ్యాక్‌గ్రౌండ్ ఆఖరున తీరిగ్గా. నేను ఈ వరస తిప్పేశాను. పల్చటి స్కెచ్ ఒకటి, వెంటనే ఎరుపు లేయర్. ఎరుపు నిండాక మనుషులు తెల్లటి ఖాళీలుగా మిగులుతారు. ముక్కు లేదు, కళ్లు లేవు. అప్పుడు స్కెచ్ లేయర్ ఆపేసి చూస్తాను. ఆ తెల్ల ఖాళీలో ఎవరు ముసలమ్మో, ఎవరు రాజో, ఎవరి చెయ్యి ఎవరి భుజం మీద ఉందో తెలియాలి. తెలియలేదా, ఆ గడి నిలబడదు. ఎంత మంచి కళ్లు వేసినా నిలబడదు. పటం ఊళ్లో జనం మధ్య, దూరాన కూర్చున్నవాళ్లకు కూడా కనబడాలి కదా, వాళ్లకు ఆ ఆకారం స్పష్టంగా ఉండాలి. ఫోన్ తెర వెడల్పు నాలుగు వేళ్లు. దానికీ అదే కావాలి.

హోస్ట్: అంటే పెద్ద పటానికీ చిన్న ఫోన్‌కూ అవసరం ఒకటే అంటారు.

అతిథి: ఆకారం వరకే. వివరాల దగ్గర మాత్రం కుదరదు. మూడడుగుల గడిలో పెళ్లి ఊరేగింపు మొత్తం పెట్టొచ్చు, పల్లకీ, మేళం, గుర్రం అన్నీ. ఫోన్‌లో అది పెడితే చీమల బారు. అందుకే ఒక గడిలో ముగ్గురు, మహా అయితే నలుగురు. ఊరేగింపే కావాలంటే దాన్ని నిలువునా సాగదీసి, కిందికి జరిపేకొద్దీ ఒక్కొక్కరూ వచ్చేలా పెడతాను.

హోస్ట్: గీత గురించి చెప్పండి. ట్యాబ్లెట్ గీత మరీ నున్నగా ఉంటుంది. చూడగానే తెలిసిపోతుంది.

అతిథి: స్టెబిలైజర్ వల్ల. చెయ్యి వణికినా సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది. నేను దాన్ని దాదాపు సున్నాకు దించుతాను. ఉడుత వెంట్రుకల కుంచెతో గీసినప్పుడు గీత మొదట్లో సన్నగా దిగి, మధ్యలో లావై, మలుపు దగ్గర కాస్త ఆగుతుంది. ఆ ఆగడం బాగుంటుంది. దాన్ని ప్రెషర్ సెట్టింగ్‌తో కొంతవరకే తెచ్చుకోగలం.

హోస్ట్: కొంతమంది ఇంకా ముందుకెళ్లి, వేసిన గీతను వెనక్కి తీసుకునే అండూ కూడా వాడొద్దంటారు. చేతిపని స్ఫూర్తి అంటే అదేనని.

అతిథి: అదంతా డాబు. రాత్రి పదకొండింటికి క్లయింట్ ఫోన్ చేసి "ఆ పాప గౌను నీలం చేయండి" అంటే స్ఫూర్తి ఏం చేస్తుంది? అండూ ఉంది, వాడతాను. లేయర్లు ఉన్నాయి, వాడతాను. ఇక్కడ నాకు ఆలేరు చింతకింది మల్లేశం గారు గుర్తొస్తారు. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయాలంటే, అంటే నేసేముందు నూలును మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి మేకుల మధ్య అటూ ఇటూ ఒక్క చీరకు తొమ్మిది వేలసార్లు తిరగాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక ఆయన ఆసు యంత్రం తయారుచేశారు, 1999లో. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ యంత్రం డిజైన్‌ను ముట్టుకోలేదు, రంగును ముట్టుకోలేదు. భుజాన్ని కాపాడింది, అంతే. చేతిపని అంటే ఒళ్లు హూనం చేసుకోవడమే అనుకునేది ఎప్పుడూ చూసేవాళ్లే, చేసేవాళ్లు కాదు.

హోస్ట్: మరి మీ పనిలో ఆసు లాంటిది ఏది? ఏది యంత్రానికి వదిలేస్తారు?

అతిథి: ఎరుపు నింపడం. ఒక్క ట్యాప్. అక్కడ నా చెయ్యి చేసే గొప్ప పనేం లేదు. పూలపట్టీ విషయంలో మాత్రం సగం సగం. ఒక పువ్వు గీసి యాభైసార్లు రిపీట్ కొడితే ఆ పట్టీ చచ్చిపోతుంది, కన్ను వెంటనే పట్టేస్తుంది. అందుకే నాలుగైదు పూలు విడివిడిగా గీసి, కలిపి బ్రష్ చేసుకున్నాను. మూలల దగ్గర మాత్రం చేత్తోనే. పటంలో చూడు, మూలకు వచ్చేసరికి పువ్వు పట్టక కొంచెం నలిగి సర్దుకుంటుంది. అది నాకు చాలా ఇష్టం.

హోస్ట్: రంగుల సంగతి? ఫొటో తీసి ఐడ్రాపర్‌తో రంగు తీసుకోవడమేనా?

అతిథి: ఐడ్రాపర్ అంత అబద్ధం ఇంకోటి లేదు. ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటోలో వచ్చేది పటం రంగు కాదు, ట్యూబ్‌లైట్ రంగు. వెనకటికి ఇంగిలీకం నుంచి ఎరుపు, పేవుడి నుంచి పసుపు, దీపం మసి నుంచి నలుపు, నీలిమందు, గవ్వల నుంచి తెలుపు. ఇప్పుడు చాలామంది కొన్న రంగులే వాడుతున్నారనుకో. రంగులు కొన్నే కాబట్టి ఒక్కోదానికి ఒక పని అంటగట్టారు. దేవుడికి నీలం, అమ్మవారికి పసుపు, రాక్షసుడికి ముదురు గోధుమ, మామూలు మనిషికి గులాబీ. ట్యాబ్లెట్‌లో కోటిన్నరకు పైగా రంగులున్నాయి, అదే ఇబ్బంది. నేను ఎనిమిది పెట్టుకుని మిగతావి మూసేశాను. ఒక్కటి మాత్రం వదిలేశాను, ఈ మంచివాళ్లు ఈ రంగు, చెడ్డవాళ్లు నలుపు దగ్గర రంగు అనేది. పిల్లల పుస్తకంలో అది నా వల్ల కాదు. అన్నీ తెచ్చుకోవాలని రూలేం లేదు కదా.

హోస్ట్: ప్రింట్‌కు వెళ్తే ఆ ఎరుపు ఉంటుందా?

అతిథి: ఏడిపిస్తుంది. తెర మీద ఎరుపు వెలుగుతుంది, కాగితం మీద ఇంకు వెలగదు. మెజెంటా, యెల్లో రెండూ నిండుగా వేసి, నలుపు ఒక్క శాతం కూడా కలవకుండా చూసుకుంటే కొంచెం దగ్గరికొస్తుంది. గ్లాసీ పేపర్ వద్దు, ఆ సుద్ద పూత మీది మెత్తదనం పోతుంది.

హోస్ట్: ఇప్పుడు ఏఐ గురించి అడగకపోతే వినేవాళ్లు ఊరుకోరు.

అతిథి: నేను చూసినంతలో, చేర్యాల అని అడిగితే మధుబని చేపలు, కలంకారీ ఆకులు, పైన ఎర్ర రంగు కలిపి ఇస్తుంది. అది రేపో ఎల్లుండో సరిగ్గానే వేస్తుందేమో, నా గొడవ అది కాదు. గౌడుల కథ ఒకటి చేస్తున్నప్పుడు నకాషీ పెద్దాయన ఒకాయనకు గళ్లు చూపించాను. ఆయన బొమ్మ బాగుందా లేదా అనలేదు. "మోకు ఇట్ల ఉంటే మనిషి పడతడు బిడ్డా" అన్నాడు. తాటిచెట్టు ఎక్కేటప్పుడు మోకు, అదే ఎక్కే తాడు, నడుము చుట్టూ ఎక్కడ కూర్చుంటుంది, మిగతా పనిముట్లు ఏ పక్కన వేలాడతాయి, ఇదంతా ఆయన చేతికి తెలుసు. ఆ మాటకు డబ్బు ఇవ్వాలి. నా కొటేషన్‌లో ఆయన ఫీజుకు విడిగా ఒక లైన్ ఉంటుంది. ఒక పబ్లిషర్ ఆ లైన్ కొట్టేసి పంపారు, "స్టైల్ ఎవడబ్బ సొమ్మూ కాదు కదా మేడమ్" అని. ఆ పని వదులుకున్నాను.

హోస్ట్: చేర్యాలకు జీఐ, అంటే ఆ పేరు ఆ ఊరి పనికే చెందుతుందనే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది కదా.

అతిథి: ఉంది. అందుకే నా పుస్తకం మీద చేర్యాల పెయింటింగ్ అని రాయనివ్వను. "చేర్యాల పటం స్ఫూర్తితో" అని మాత్రమే. గుడ్డ లేదు, పూత లేదు, నకాషీ చెయ్యి లేదు, ఆ పేరు ఎట్లా పెట్టుకుంటాను?

హోస్ట్: మీ బ్రష్‌లు అమ్మమని చాలామంది అడుగుతున్నారట.

అతిథి: ఇవ్వను. చేర్యాల బ్రష్ ప్యాక్ అని ఆన్‌లైన్‌లో పెట్టి డబ్బు చేసుకోవడం నాకు నచ్చదు. నేర్చుకోవాలనుకుంటే క్రిటా అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ ఉచితమే, దించుకోండి. 800 వెడల్పుతో కాన్వాస్ తీసుకుని, మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన కథ ఏదో ఒకటి మూడు గళ్లలో పెట్టి చూడండి. ఎరుపే అక్కర్లేదు, కానీ బ్యాక్‌గ్రౌండ్ ముందు నింపండి.

హోస్ట్: ఇప్పుడు ఏం చేస్తున్నారు?

అతిథి: పటంలో డైలాగ్ బుడగలు ఉండవు, గొంతు ఉంటుంది. అందుకని బుడగలు తీసేసి, కథ చెప్పే ఆయన పాటే రికార్డ్ చేసి గళ్లతో పాటు పెడదామని చూస్తున్నాను. చిక్కేమిటంటే, పటం విప్పే వేగం చెప్పేవాడి చేతిలో ఉంటుంది, ఫోన్ జరిపే వేగం చదివేవాడి చేతిలో. పాట అయ్యేదాకా గడి కదలకుండా చేశాం, పిల్లలు విసుక్కుని మూసేస్తున్నారు. వదిలేస్తే పాట సగంలో తెగుతోంది. ఇప్పుడు పాటనే చిన్న చిన్న ముక్కలుగా, ఎక్కడ ఆపినా చెవికి తెగినట్టు అనిపించకుండా పాడించి చూస్తున్నాం. ఆయనకేమో అట్లా పాడటం అస్సలు ఇష్టం లేదు. (నవ్వు) "కథ నడుమ ఆపితే మా పెద్దలు తిడతరు" అంటున్నాడు. వచ్చే వారం మళ్లీ కూర్చోవాలి.

హోస్ట్: కుదిరాక మాకు మొదట వినిపించాలి అక్కా. థాంక్యూ. వింటున్నవాళ్లు మీ మూడు గళ్లు మాకు పంపండి, అక్కకు చూపిస్తాం.