ఆఖరి చరణానికి తబలా వెనకబడుతోంది

యాంకర్: తర్వాతి కాల్ తెనాలి నుంచి. చెప్పండమ్మా, సార్ వింటున్నారు.

శ్రోత: నమస్కారం సార్. మా నాన్నగారి భజన పాటలు నాలుగు ట్రాకుల క్యాసెట్‌లో ఉన్నాయి. 1989లో మా ఇంట్లోనే రికార్డు చేశారు. ఆ మెషీన్ ఇప్పుడు లేదు. మామూలు డెక్‌లో రెండు వైపులా వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఒకవైపు గొంతు, హార్మోనియం వచ్చాయి. రెండోవైపు తబలా, తాళాలు వెనక్కి మోగాయి. అన్నీ బాగా నెమ్మదిగా ఉన్నాయి. మా అబ్బాయి రెండో ఫైలు రివర్స్ చేసి, రెండింటి వేగం రెట్టింపు చేశాడు.

ఇంజనీర్: సరిగ్గా చేశాడమ్మా. ఆ మెషీన్ నాలుగు ట్రాకులనూ ఒకే దిశలో రికార్డు చేస్తుంది, అందుకే రెండోవైపు వెనక్కి మోగింది. మామూలు క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. ఆ నాలుగు ట్రాకుల మెషీన్లలో చాలావాటి వేగం దానికి రెట్టింపు. ఇంకేం ఇబ్బంది?

శ్రోత: పల్లవి కలుస్తోంది సార్. ఆఖరి చరణానికి వచ్చేసరికి తబలా వెనకబడిపోతోంది. జరిపితే అక్కడ కలుస్తుంది, పల్లవి చెడుతుంది.

ఇంజనీర్: సినిమా ఫిల్ముకు అంచున రంధ్రాలుంటాయి, పళ్లచక్రం పట్టుకుని లాగుతుంది. టేపుకు అవి లేవు. రబ్బరు రోలరు ఒత్తిడి మీదే నడుస్తుంది కాబట్టి ఏ రెండుసార్లూ ఒకే వేగంతో నడవదు. పైగా మీరు ఒకసారి ముందునుంచి, ఒకసారి చివరినుంచి తిప్పారు. అందరూ ఒకే గదిలో కూర్చుని పాడారా?

శ్రోత: అవును సార్, ముందుగదిలో చాప వేసుకుని.

ఇంజనీర్: అదే మీ అదృష్టం. తాళాల మోత నాన్నగారి మైకులోనూ సన్నగా పడి ఉంటుంది. మొదటి తాళం దెబ్బ, చివరి దెబ్బ రెండు ఫైళ్లలోనూ వెతకండి. మధ్య దూరం కొలవండి. గొంతు ఫైల్లో 280 సెకన్లు, తబలా ఫైల్లో 280.7 ఉందనుకోండి. తబలా వేగం 0.25 శాతం పెంచాలి. అడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే వేగం, శ్రుతి రెండూ కలిసి మారే ఎఫెక్టే వాడండి. టేపు నెమ్మదిస్తే శ్రుతి కూడా దిగుతుంది కదా. నిడివి ఒక్కటే సాగదీసే టైమ్ స్ట్రెచ్ వాడితే తబలా దెబ్బ మొద్దుబారుతుంది.

శ్రోత: అప్పటికీ మధ్యలో తేడా ఉంటే?

ఇంజనీర్: ఉంటుంది. చరణానికీ చరణానికీ మధ్య ఖాళీలో కత్తిరించి ముక్కను కాస్త జరపండి. కానీ మరీ అతికించేయకండమ్మా. తాళాలు మైకుకు రెండు మీటర్ల దూరంలో ఉంటే శబ్దం అక్కడికి చేరడానికి సుమారు 6 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ కాస్త తేడా మీ ముందుగదిది. దాన్ని చెరిపేస్తే గది పోతుంది.

శ్రోత: (కాసేపు ఆగి) మరి అసలు శ్రుతి ఏదో ఎలా తెలుస్తుంది సార్?

ఇంజనీర్: ఆ హార్మోనియం ఉందా?

శ్రోత: అటక మీద ఉంది.

ఇంజనీర్: దించండి. నాన్నగారు షడ్జమం పట్టిన మెట్టు నొక్కి పాటతో పోల్చండి. రీడ్లు కాస్త మారినా మీకు అంతకంటే దగ్గరి సాక్ష్యం లేదు. నాలుగు ట్రాకుల మెషీన్ ఎవరి దగ్గరైనా దొరికితే మాత్రం, టేపును చదివే హెడ్డు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నాలుగూ ఒకేసారి ఎక్కించండి. అప్పుడీ కలపడమే ఉండదు.

శ్రోత: ముందు హార్మోనియం దించుతాం సార్.