అండమాన్ ఓడలో పాత విశాఖకి

శ్రోతలకు నమస్కారం.

విశాఖ వన్ టౌన్‌లో పెరిగినవాళ్ళకి అండమాన్ ఓడ కొత్త కాదు. ఓడ వచ్చిందంటే హార్బర్ గేటు దగ్గర ఒకటే సందడి. ట్రంకు పెట్టెలు, బియ్యం బస్తాలు, మూతికి గుడ్డ కట్టిన ఆవకాయ జాడీలు. ఎక్కేవాళ్ళ కంటే సాగనంపడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఏడుపులూ వాళ్ళవే. ఆ ఓడ ఎప్పటికైనా ఎక్కాలని చిన్నప్పుడే అనుకున్నాను. విమానమైతే రెండు మూడు గంటల పని, అయినా మొన్నటి చలికాలంలో పట్టుబట్టి ఓడలోనే వెళ్ళాను. బంక్ క్లాసు టికెట్టు.

1933లో మన హార్బర్ మొదలైనప్పటి నుంచీ ఓడలన్నీ వెళ్ళే దారి ఒకటే. కుడిపక్క డాల్ఫిన్స్ నోస్ కొండ. ఎడమపక్క మూడు కొండలు, వాటి మీద వెంకటేశ్వరస్వామి గుడి, దర్గా, చర్చి. డెక్ మీద నిలబడ్డవాళ్ళలో కొందరు మూడింటికీ కలిపి ఒకే దండం పెట్టేశారు. రోజూ చూసే కొండలే. కానీ నీళ్ళ మీద నుంచి చూస్తే ఊరు ఇంత చిన్నదా అనిపిస్తుంది.

ఆ తర్వాత రెండు రోజులకు పైగా నీళ్ళు తప్ప ఏమీ లేవు. కడుపులో తిప్పుతుంటే ఎవరో నిమ్మకాయ చేతిలో పెట్టారు. నా చుట్టూ బంకుల్లో సోంపేట, పలాస, టెక్కలి వాళ్ళు. పెళ్ళికో, ఇంటి వాటాల పంపకానికో ఊరొచ్చి తిరిగి వెళ్తున్నవాళ్ళు. టూరిస్టుని నేనొక్కణ్ణేనేమో. “చూడ్డానికా? అంత ఖర్చు పెట్టుకుని?” అని ఒకాయన నన్ను జాలిగా చూశాడు.

ఇక్కడి నుంచి తూర్పు ఆగ్నేయంగా సుమారు 1200 కిలోమీటర్ల దూరంలో ఉంది పోర్ట్ బ్లెయిర్. 2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు. అలవాటు కొద్దీ పాత పేరే అంటాను, ఏమనుకోకండి. ఊరంతా ఎత్తుపల్లాలు, రేకుల కప్పులు, చెక్క గోడలు. గడియారంలో మనకీ వాళ్ళకీ ఒకటే టైము గానీ, అంత తూర్పున ఉండటంతో సూర్యుడు మనకంటే సుమారు అరగంట ముందే దిగిపోతాడు. చలికాలంలో సాయంత్రం అయిదున్నర దాటిందంటే చీకటే.

టూరిస్టులంతా ముందు వెళ్ళేది ఎదురుగా ఉన్న రాస్ దీవికి. 2018 నుంచి అది నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపం. మన చర్చి కొండని కూడా రాస్ హిల్ అంటారు, కానీ ఈ రాస్ వేరు, ఆ రాస్ వేరు. 1857 తిరుగుబాటు తర్వాత, 1858లో ఇంగ్లీషువాళ్ళు ఖైదీల్ని ఇక్కడికి తెచ్చి, ఈ దీవి మీద తమకోసం ఒక ఊరు కట్టించుకున్నారు. చర్చి, బేకరీ, క్లబ్బు, ఈత కొలను, డాన్సు హాలు. 1941లో పెద్ద భూకంపం, మరుసటి ఏడాది జపాన్ సైన్యం. దాంతో ఊరు ఖాళీ. ఇప్పుడు గోడల్ని మర్రిజాతి చెట్ల వేళ్ళు చుట్టుకుని నిలబెడుతున్నాయి, మధ్యలో జింకలు తిరుగుతున్నాయి. అందంగా ఉందని ఒప్పుకోవాలి. ఆ డాన్సు హాలు వైభవం గురించి గైడు నిట్టూరుస్తుంటే మాత్రం నాకు నిట్టూర్పు రాలేదు. ఇటుకలు మోసింది సంకెళ్ళు వేసిన మనుషులు. ఫొటోలు తీసుకున్నాను, దిగులు మాత్రం పడలేదు.

దిగులు పట్టుకుంది జంగ్లీఘాట్‌లో.

జంగ్లీఘాట్ అంటే అక్కడి చేపల రేవు. పొద్దున్నే వెళితే పడవల పక్కన అరుపులు వినిపించాయి, అచ్చంగా మన ఉత్తరాంధ్ర యాసలో. కానాగంతలు, నెత్తళ్ళు అన్న మాటలు వినగానే కాళ్ళు ఆగిపోయాయి. తట్ట ముందు కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, “ఏటి బాబూ, ఇసాపట్నం నుంచొచ్చినారా?” అంది. ఎలా కనిపెట్టిందో అడగలేదు. చేపలమ్మడం అయ్యాక ఇంటికి తీసుకెళ్ళి టీ ఇచ్చింది. రేకుల ఇల్లే, కానీ ముందు వీధరుగు ఉంది. మా కోట వీధిలో అరుగులన్నీ కొట్టేసి షట్టర్లు పెట్టి ఎన్నాళ్ళయిందో.

పెళ్ళయి కొత్తగా అక్కడికి వెళ్ళాక ఆవిడ విశాఖ వచ్చింది తక్కువ, ఈ మధ్య అసలు రాలేదు. ఇక ప్రశ్నలే ప్రశ్నలు. కురుపాం మార్కెట్టు ఉందా? ఉంది. పాత పోస్టాఫీసు? ఉంది, దాని పేరుతో బస్సులూ ఉన్నాయి. జట్కాలు? లేవమ్మా. వలలు ఆరేసుకునే చోటు? అక్కడ ఇప్పుడు ఖాళీ లేదు. “అయితే ఊరంతా మార్చీసినారన్నమాట,” అంది, అదేదో నేనే చేసినట్టు. నా చిన్నతనం నాటి విశాఖ ఆవిడ దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. విశాఖలోనే ఉన్న నా దగ్గర లేదు. మనవలు మాత్రం వాళ్ళలో వాళ్ళు హిందీలో కొట్టుకుంటున్నారు. అక్కడ అన్ని రాష్ట్రాల వాళ్ళనీ కలిపే భాష అదే. నాయనమ్మతో అయితే తెలుగే. హిందీలో అడిగితే ఆవిడ పలకదట.

మన తీరం వాళ్ళు ఇలా సముద్రం దాటడం ఈనాటిది కాదు. మా నాయనమ్మ తన మేనమామ గురించి “రంగం పోయినాడు” అనేది. రంగం అంటే బర్మాలోని రంగూన్. మిల్లుల్లో, రేవుల్లో పనికి ఇక్కడి నుంచి వేలమంది వెళ్ళారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక అడవుల వెంట నడిచి వచ్చినవాళ్ళున్నారు, దారిలోనే పోయినవాళ్ళున్నారు. 1942 మార్చిలో జపాన్ అండమాన్‌ని పట్టుకుంది. రెండు వారాలు తిరిగేసరికి, ఏప్రిల్ 6న, మన విశాఖ మీదే బాంబులు వేసింది. జనం ఇళ్ళు వదిలి పల్లెలకి పరిగెత్తారు. మనమూ ఆ దీవులూ ఒకే సముద్రానికి రెండు ఒడ్లని అప్పట్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

సెల్యులార్ జైలు గురించి మీకు తెలిసిందే. 1906కి కట్టడం పూర్తయింది. ఏడు విభాగాల్లో ఇప్పుడు మిగిలింది మూడు. సాయంత్రం జైలు కథ చెప్పే షో కూడా వేస్తారు. అందులో నాకు కావలసిన పేరు వినబడలేదు. గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు అనుచరుడు, గంటందొర తమ్ముడు. రంప పోరాటంలో పట్టుబడి, ద్వీపాంతర శిక్ష పడి అండమాన్ చేరాడు. బతికి తిరిగొచ్చాడు. 1952లో మొదటి లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి ఇండిపెండెంటుగా గెలిచాడు. అప్పట్లో మనది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, రెండో సభ్యుడు లంకా సుందరం. సముద్రం దాటించి బంధించిన మన్యం మనిషిని ఈ ఊరు పార్లమెంటుకి పంపింది. తిరుగు ఓడలో ఈ సంగతి పక్క బంకు కుర్రాడికి చెబితే నమ్మలేదు. ఫోన్లో వెతికి చూద్దామంటే నడి సముద్రంలో సిగ్నలేదీ?

మీ ఇంట్లోనూ రంగం పోయినవాళ్ళో, అండమాన్‌లో స్థిరపడ్డవాళ్ళో ఉండొచ్చు. వెళ్ళాలనుకుంటే ఓడ ఎప్పుడుందో ముందే కనుక్కోండి, రైలులా రోజూ ఉండదు. వర్షాకాలం వద్దు, అల మరీ ఎక్కువ. జంగ్లీఘాట్‌కి మాత్రం తెల్లవారుతూనే వెళ్ళండి, ఎండెక్కితే మంచి చేప దొరకదు.

సెలవు.