స్టిరాయిడ్ బిళ్ళ ఎప్పుడు ఆపొచ్చు?

నమస్కారమండీ. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు ఓపీలో కుర్చీ లాక్కుని కూర్చోగానే అడిగేది క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంతుందని కాదు, "డాక్టరు గారూ, ఈ స్టిరాయిడ్ ఎప్పుడు ఆపేస్తారు?" అని. అడగరా మరి, పెళ్ళికెళ్తే చుట్టాలంతా మొహం ఏంటి అలా ఉబ్బిందంటారు, ఆకలి ఆగదు, రాత్రి నిద్ర పట్టదు, అంతకుముందు లేని షుగరొచ్చి కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలొస్తాయి, కొందరికి తుంటి ఎముకకి రక్తం అందక నడవడమే కష్టమవుతుంది. కాబట్టి ఆపాలనుకోవడంలో తప్పేం లేదు, మాకూ ఆపాలనే ఉంటుంది. గొడవంతా ఎవరికి ఆపొచ్చు, ఎప్పుడు ఆపొచ్చు అన్నదగ్గరే.

1954లో బోస్టన్‌లో కిడ్నీ మార్పిడి మొదటిసారి నిలబడింది, ఇచ్చినాయనా తీసుకున్నాయనా అచ్చుగుద్దినట్టుండే కవలలు, అందుకని ఒంటికి తేడా తెలియలేదు. మనకెక్కడి కవలలండీ! అమ్మ ఇచ్చినా, భార్య ఇచ్చినా, చనిపోయినవాళ్ళ అవయవాలిప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ ద్వారా వచ్చినా మన ఒంటికి అది పరాయిదే, దాన్ని తరిమేయాలనే చూస్తుంది. 1960ల్లో, ఆ తరిమే గుణాన్ని అణిచే అజాథయోప్రిన్ మందుకి స్టిరాయిడ్ జోడించాకే కవలలు కానివాళ్ళకీ ఆశ పుట్టింది. తర్వాత సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ లాంటి గట్టి మందులొచ్చాయి కాబట్టే స్టిరాయిడ్ లేకుండా నడుస్తుందా అని ఆలోచించే ధైర్యం వచ్చింది.

ఇప్పుడు "మా పక్కింటాయనకి వారంలోనే ఆపేశారు, నాకేంటి ఇన్నేళ్ళు" అంటారు కదా, దానికి జవాబుంది. 2009లో వచ్చిన అంతర్జాతీయ గైడ్‌లైన్స్ ఏమంటాయంటే, రిజెక్షన్ (ఒళ్ళు కొత్త కిడ్నీని తిప్పికొట్టడం) రిస్కు తక్కువున్నవాళ్ళకి, ఆపరేషనప్పుడు రిజెక్షన్ రాకుండా ఇచ్చే ఇండక్షన్ ఇంజెక్షన్ పడినవాళ్ళకి మొదటి వారంలోనే ఆపొచ్చు, ఆ వారం దాటి వాడుతుంటే మాత్రం చిన్న డోసులో కొనసాగించడమే మేలని. చాలా పురుళ్ళయినవాళ్ళకి, డయాలసిస్‌లో ఉండగా రక్తం ఎక్కించుకున్నవాళ్ళకి, రెండోసారి మార్పిడి అయినవాళ్ళకి ఒంట్లో పరాయి కిడ్నీ మీద దాడిచేసే యాంటీబాడీలు ఎక్కువుండొచ్చు, వాళ్ళ లెక్క వేరు. లూపస్ లాంటి, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బుతో కిడ్నీ పోయినవాళ్ళ లెక్క ఇంకా వేరు. ఆపినవాళ్ళని ఐదేళ్ళు గమనించిన స్టడీల్లో కిడ్నీ పోవడం ఇరువైపులా ఇంచుమించు ఒకలాగే ఉంది గానీ రిజెక్షన్ మాత్రం ఆపినవాళ్ళలోనే ఎక్కువ కనిపించింది. అందుకే మేం చీటీ రాసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాం.

నాకు భయమేసేది ఇంకోటి. సూర్యారావుపేటలో మెడికల్ షాపు ముందు ఒకాయన చీటీ చూపించి "ఇదొక్కటి వదిలేసి మిగతావి ఇవ్వవయ్యా" అంటున్నాడు, చూస్తే వైసలోన్, అంటే ఈ స్టిరాయిడ్ బిళ్ళే. ఖరీదైన మందులు కొని, వాటన్నిటిలోకీ చవకదాన్ని వదిలేస్తున్నాడు! మన కిడ్నీల నెత్తిమీద అడ్రినల్ అని చిన్న గ్రంథులుంటాయి, రోజూ కార్టిసాల్, అంటే ఒంట్లో సహజంగా ఉండే స్టిరాయిడ్, తయారుచేసేది అవే, బయటినుంచి బిళ్ళ రూపంలో నెలల తరబడి వస్తుంటే అవి పని మానేసి కూర్చుంటాయి. ఉన్నట్టుండి బిళ్ళ ఆపితే వెంటనే లేవలేవు. నీరసం, ఒళ్ళునొప్పులు, వాంతులు, బీపీ పడిపోవడం, ఎండదెబ్బేమోలే అని మజ్జిగ తాగి పడుకుంటారు, ప్రాణం మీదకొస్తుంది. అందుకే మేం ఆపినా నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తాం, మధ్యమధ్యలో రక్తపరీక్షలు చేయిస్తాం.

ఇంకో సంగతి, స్టిరాయిడ్ తగ్గేకొద్దీ రక్తంలో టాక్రోలిమస్ లెవెల్ పెరగొచ్చు, దాంతో క్రియాటినిన్ కూడా పెరుగుతుంది, అది మందు ఎక్కువైందా, రిజెక్షనా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చలేరు. రిజెక్షన్‌కి ఒక్కోసారి నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు, బయాప్సీ (కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తేగానీ తెలియదు. అన్నట్టు పంపరపనస కూడా టాక్రోలిమస్ లెవెల్ పెంచేస్తుంది, ఎవరైనా తెచ్చిచ్చినా వద్దనండి.

స్టిరాయిడ్ పొద్దున్నే టిఫిన్ తిన్నాక వేసుకోండి, నిద్ర ఇబ్బంది కొంత తగ్గుతుంది. వాంతులై బిళ్ళ నిలవకపోతే మర్నాటిదాకా చూడొద్దు, ఆసుపత్రికి రండి, ఇంజెక్షన్ రూపంలో ఇవ్వొచ్చు. పన్ను పీకించుకోవాలన్నా, ఏ చిన్న ఆపరేషనైనా స్టిరాయిడ్ వాడుతున్నామని ముందే చెప్పండి, ఆ రోజుకి డోసు పెంచాల్సి రావొచ్చు. లెవెల్ టెస్టుకి వచ్చేరోజు టాక్రోలిమస్ వేసుకోకుండా రావాలి, కానీ బిళ్ళ మాత్రం జేబులో తెచ్చుకోండి, రక్తం ఇవ్వగానే అక్కడే వేసుకోవచ్చు.