కోనసీమ సెలవుల్లో మాట పెగలని పిల్లలు

నమస్తే అండి. ఇది సఖినేటిపల్లి రేవు. అవతలి ఒడ్డు నరసాపురం, మధ్యలో వశిష్ఠ గోదారి. ఏరు దాటించే పంటు వచ్చేలోగా ఇవాళ్టి విషయం మొదలెట్టేద్దాం. డాలస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో వచ్చిన 8 నుంచి 11 ఏళ్ల పిల్లలు ఇక్కడ చుట్టాల్ని చూడగానే అమ్మ వెనక నక్కుతారు కదా, దాని గురించి.

ఈ వయసులో "నా గురించి ఏమనుకుంటున్నారో" అన్న ధ్యాస బాగా పెరుగుతుంది. మన గోదారోళ్ల మర్యాద తెలిసిందేగా! అరుగెక్కకముందే పదిమంది చుట్టుముట్టి "నేనెవరో చెప్పుకో, ఏదీ ఓ పాట పాడు" అంటారు. పిల్లాడు బిగుసుకుపోతాడు. "వీడికి సిగ్గండీ" అంటూ అమ్మే బదులిచ్చేస్తుంది. అప్పటికి అందరికీ హాయి, చిక్కంతా ఆ హాయిలోనే. తప్పించుకుంటే భయం పోతుందని వాడి బుర్రకి ఎక్కేస్తుంది. మర్నాడు గది తలుపే తియ్యడు.

ముందు భయమో, తెలుగు రాకో తేల్చుకోండి. ఇంగ్లీషు వచ్చిన పిల్లలతో గలగలలాడుతూ మామ్మ దగ్గర మాత్రం ఆగిపోతే చాలావరకు భాషే. "బాగున్నానండి", "ఇంక చాలండి" నేర్పండి. రెండోది భోజనాల దగ్గర మరీ అవసరం.

భయమే అయితే మెట్లు కట్టాలి. వాడితోనే కూర్చుని ఒక్కో పనికి భయం 10కి ఎంతో రాయించండి. 3 మార్కులొచ్చిన పని దగ్గర మొదలెట్టండి: వరండాలో తాతయ్యకి మంచినీళ్లిచ్చి "తీసుకోండి" అనడం. తర్వాత మీరు పక్కనుండగా కొట్లో గోళీసోడా అడగడం, ఆపైన మీరు రోడ్డు మీదే ఆగితే ఒక్కడే వెళ్లడం. కొత్త పిల్లల ఆటలో "నేనూ రానా" అనడం పైమెట్టు. ఆ భయం మార్కు సగానికి పడేదాకా అదే మెట్టు మళ్లీ మళ్లీ ఎక్కించాలి. చేసేముందు "ఏమవుతుందనుకుంటున్నావు?" అని, చేశాక "ఏమైంది?" అని అడగండి. బదులు రాకపోతే లోపల 5 దాకా లెక్కపెట్టుకోండి. అప్పటికీ రాకపోతే "ముంజలా, మామిడిపండా?" లాంటి ప్రశ్న వెయ్యండి. ఒక్క మాటతో సరిపోతుంది.

ఎక్కువగా చెడేది తొందరపాటు వల్లే. సోడా అడిగాడు కదాని పెళ్లిలో మైకు చేతికిస్తే మళ్లీ మొదటికొస్తుంది. వేలు చూపించి సోడా తెచ్చుకోవడం మొదటిసారికి పర్లేదు, రెండోసారి మాట రావాలి. వాడి యాసకి ఎవరైనా నవ్వొచ్చు కూడా. "ఎవరూ నవ్వరు" అని హామీ ఇవ్వకండి. నవ్వితే అదే మాట నెమ్మదిగా మరోసారి చెప్పడం ఇంట్లోనే ఆడించి చూపించండి. మెచ్చుకునేటప్పుడు "గుడ్ బాయ్" కాదు, "కొట్లో నువ్వే అడిగావు" అనండి. ఇక మన వ్లాగర్ల జబ్బొకటి: ఆ మొదటి మాటని వీడియో తియ్యడం. తియ్యొద్దు.

తోటిపిల్లలతో కూడా ఈ భయం 6 నెలలు దాటినా, బడికి వెళ్లే పొద్దున్నే కడుపునొప్పి అంటున్నా, ఇంట్లో మాట్లాడుతూ బడిలో నెలలకొద్దీ నోరు విప్పకపోయినా ఇది సెలవుల్లో తేలే పని కాదు. అక్కడికి వెళ్లాక పిల్లల డాక్టరుకో, స్కూల్ కౌన్సిలర్‌కో చెప్పి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచననీ, అలవాటునీ మెల్లగా మార్చే మాటల వైద్యం) గురించి అడగండి. ఇక్కడుండగా అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.