రెండు కుండలు, ఒక ఉట్టి: 114 ప్రాణాలు తీసిన చిన్న మార్పు

నమస్కారం. ప్రతి సెప్టెంబర్ 15న, ఇంజనీర్స్ డే మీటింగుల్లో ఒక కథ తప్పకుండా వినిపిస్తుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు ఆఫీసు పనికి ఆఫీసు కొవ్వొత్తి, సొంత పనికి సొంత కొవ్వొత్తి వెలిగించుకునేవారని. మంచి కథే. కానీ ఇదే పదే పదే విన్న పిల్లలకి ఇంజనీరింగ్ ఎథిక్స్ అంటే లంచం తీసుకోకపోవడమే అని మనసులో నాటుకుపోతోంది. ఇది నన్ను ఏళ్లుగా గుచ్చుతోంది. ఎందుకంటే, ఎవరూ ఎవరి దగ్గరా రూపాయి తినకుండానే 114 మంది చనిపోయిన కేసు ఒకటుంది. ఇవాళ దాని గురించే.

ముందు ఒక ఉట్టి ఊహించుకోండి.

[స్క్రీన్ మీద: దూలం, తాడు, రెండు కుండలు]

దూలానికి ఒకటే తాడు. పైన పెరుగు కుండ, కింద వెన్న కుండ. రెండిటినీ అదే తాడుకి వేరువేరుగా ముడి వేశాం. పై ముడి మీద పడేది పెరుగు కుండ బరువు ఒక్కటే. వెన్న కుండ బరువు నేరుగా తాడు మోస్తుంది.

ఇప్పుడు చిన్న మార్పు. తాడుని పై కుండ దగ్గర ఆపేశాం. ఇంకో ముక్క తీసుకుని, వెన్న కుండని పెరుగు కుండ ఉన్న ఉట్టికే వేలాడదీశాం. దూలం మీద బరువు మారిందా? లేదు. పై తాడు మీద? అదీ లేదు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ఆ పై ముడి చూడండి. నిన్నటిదాకా ఒక్క కుండని మోసిన ముడి, ఇవాళ రెండు కుండల్నీ మోస్తోంది.

అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్లో జరిగింది అక్షరాలా ఇదే. లాబీ మీదుగా గాల్లో వేలాడే నడక వంతెనలు ఉండేవి. నాలుగో అంతస్తు వంతెన పైన, సరిగ్గా దాని కింద రెండో అంతస్తుది. అసలు డిజైన్లో పైకప్పు నుంచి ఒకే పొడవాటి స్టీల్ రాడ్డు రెండిటి గుండా దిగాలి. మరి ఆ పై వంతెన కింద నట్టు బిగించాలంటే రాడ్డుకి కింది నుంచి అంత పొడవునా మరలు కోయాలి, ఎత్తేటప్పుడు ఆ మరలు దెబ్బతినకుండా చూసుకోవాలి. ఫ్యాబ్రికేటర్‌కి, అంటే ఆ స్టీల్ భాగాలు తయారుచేసే కంపెనీకి, అది తలనొప్పి. అందుకని రాడ్డుని రెండు ముక్కలు చేశారు. పైకప్పు నుంచి పై వంతెనకి ఒకటి, పై వంతెన నుంచి కింది వంతెనకి ఇంకొకటి. పని సులువైపోయింది. వెన్న కుండ పెరుగు కుండకి వేలాడింది.

ఆ ముడిని కాస్త దగ్గరగా చూద్దాం. సీ ఆకారం స్టీల్ ఛానెళ్లు రెండు ఎదురెదురుగా పెట్టి వెల్డ్ చేస్తే పెట్టె లాంటి బీమ్ వస్తుంది, వంతెన కింద అడ్డదూలం అన్నమాట. రాడ్డు దూరే రంధ్రం సరిగ్గా ఆ వెల్డింగ్ అతుకు మీదే పడింది. కింద ఒక వాషరు, ఒక నట్టు. అంతే.

1981 జులై 17, శుక్రవారం సాయంత్రం. లాబీలో డాన్స్ కార్యక్రమం, బ్యాండు మోగుతోంది. కింద వందల మంది, వంతెనల మీద నిలబడి చూసేవాళ్లు కొందరు. ఏడు దాటిన కాసేపటికి ఆ అతుకు దగ్గర బీమ్ విచ్చుకుని, నట్టు దానిలోంచి దూసుకొచ్చేసింది. పై వంతెన కింది వంతెన మీద, రెండూ కలిసి జనం మీద. 114 మంది పోయారు, రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. కూలాక కూడా పై రాడ్లు పైకప్పుకి వేలాడుతూనే ఉన్నాయి, చివర నట్లతో సహా. తాడు తెగలేదండి. ముడి దగ్గర పోయింది.

ఒక పత్రిక తరఫున పరిశీలించిన ఇంజనీరు రోజుల్లోనే ఈ మార్పుని పట్టుకున్నాడు. ప్రభుత్వ దర్యాప్తు లెక్క ఇంకా భయంకరంగా ఉంది. ఒకే రాడ్డుతో కట్టినా ఆ కనెక్షన్, అంటే రాడ్డు బీమ్‌కి బిగిసే ఆ ముడి, బలం నిబంధనలు కోరినదాంట్లో 60 శాతమే. ముక్కలు చేశాక 30 శాతం దగ్గరికి పడిపోయింది. అంటే ముడి మొదటి నుంచీ వదులే.

మరి లెక్క ఎవరు కట్టాలి? నా దృష్టిలో అసలు ఎథిక్స్ ఇక్కడుంది. ఫోన్ చేసి అడిగితే సరే అన్నారని ఫ్యాబ్రికేటర్ వాళ్లు. అలాంటి ఫోనే రాలేదని ఇంజనీర్లు. కానీ రెండు రాడ్లు గీసిన షాప్ డ్రాయింగ్, అంటే ఫ్యాబ్రికేటర్ తయారీ కోసం గీసే బొమ్మ, ఇంజనీరు ఆఫీసుకి వెళ్లింది, స్టాంపు పడి తిరిగొచ్చింది. కనెక్షన్ లెక్క ఫ్యాబ్రికేటర్ వాళ్లు కడతారని ఇంజనీర్లు, ఇంజనీర్లు కట్టేశారని ఫ్యాబ్రికేటర్ వాళ్లు. మన ఇళ్లల్లో గ్యాస్ ఎవరు కట్టేశారని అడిగితే నువ్వు కట్టావనుకున్నా అంటామే, అదే. 1979లో కట్టడం నడుస్తుండగానే ఆ లాబీ పైకప్పులో కొంత భాగం కూలింది కూడా. అప్పుడైనా ఈ ముడికి ఎవరూ లెక్క కట్టలేదు. చివరికి జాక్ గిల్లమ్, డేనియల్ డంకన్ అనే ఇద్దరు ఇంజనీర్ల లైసెన్సులు ఆ ఊరున్న మిస్సోరి రాష్ట్రంలో రద్దయ్యాయి. స్టాంపు వేశారంటే బాధ్యత వాళ్లదే, ఇంకొకరికి బదిలీ చెయ్యడం కుదరదని తేలింది.

టైమ్ దగ్గర పడుతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇది సివిల్ వాళ్ల గొడవ అనుకోకండి. థెరాక్-25 అని క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే మెషిన్. 1985 నుంచి 87 మధ్య ఆరుగురికి మోతాదుకి ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది, కొందరు చనిపోయారు. పాత మోడల్లోనూ అలాంటి సాఫ్ట్‌వేర్ తప్పు ఉంది, కానీ విడిగా హార్డ్‌వేర్ రక్షణ ఉండేది. ఉట్టి కింద గడ్డి పరిచినట్టు. కుండ జారినా పగల్లేదు, కాబట్టి ముడి వదులని ఎవరికీ తెలియలేదు. కొత్త మోడల్లో సాఫ్ట్‌వేర్ ఉందిగా అని ఆ గడ్డి తీసేశారు. తెర మీద "మాల్‌ఫంక్షన్ 54" అని వస్తే, అదేంటో ఆపరేటర్‌కి అర్థమయ్యేలా చెప్పే మాన్యువల్ కూడా లేదు.

ఇక మన విశాఖ. 2020 మే 7, తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే, ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం ఆవిరి పక్కనున్న వెంకటాపురం మీదకి పాకింది. పన్నెండు మంది పోయారు. ఫ్యాక్టరీలో సైరన్ మోగించే బటన్లు చాలాచోట్ల ఉన్నా ఎవరూ నొక్కలేదని ప్రభుత్వ కమిటీ తేల్చింది. ముడి జారిపోతోంది, కింద నిద్రపోతున్నవాళ్లకి ఒక్క కేక వెయ్యలేదు. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

విశ్వేశ్వరయ్య గారి దగ్గర మొదలుపెట్టాను కదా. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేశాక ఆయన్ని పిలిపించారు. ఆయన వర్షపాతం లెక్కలు కట్టి, వరదని ఊరికి ఎగువనే ఆపాలన్నారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అలా వచ్చాయి. వచ్చే వీడియోలో కొవ్వొత్తి కథ కాదు, ఆ వాన నీటి లెక్క చెప్తాను. ఉంటాను.